మొదటి సాలార్‌జంగ్: వార్ధా నదికి ఆవలి రాజనీతిజ్ఞుడు

చరిత్ర అనగానే దూరదేశాల రాజులు, యుద్ధాలు గుర్తుకు రావడం సహజం. కాని మనిషి నివసించే ఊరికి, ఆ ఊరి పక్కన పారే నదికి, అతడు మాట్లాడే భాషకు కూడా చరిత్ర ఉంటుంది. బల్లార్పూరు, బామ్నిల నుండి రాజురా వైపు వెళ్లేవారు వార్ధా నదిని దాటుతారు. నేడు అక్కడ ఆ నది రెండు ఒడ్డులూ ఒకే జిల్లాలో ఉన్నాయి. 1947 వరకు మాత్రం దాని ఈవలి ఒడ్డు బ్రిటిషు పాలనలోనిది, ఆవలి ఒడ్డు నిజాము రాజ్యం. ఒక ఒడ్డున కంపెనీ రూపాయి, మరొక ఒడ్డున హాలీ సిక్కా చెల్లేవి. కోర్టులు, పోలీసులు, పన్నులు అన్నీ వేరు. రెండు ఒడ్డులా వినిపించే తెలుగు మాట మాత్రం ఒక్కటే.

ఈ సరిహద్దు నిలదొక్కుకున్న కాలంలో ఆవలి ఒడ్డును ముప్పై ఏళ్లపాటు పాలించిన దివాను మొదటి సాలార్‌జంగ్. ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. ఆయన పేరు వినగానే చాలామందికి హైదరాబాదులోని మ్యూజియం గుర్తుకు వస్తుంది. కాని చంద్రపూర్, సిరొంచ, రాజురా ప్రాంతాల తెలుగువారికి ఆయనతో ఉన్న సంబంధం మ్యూజియంతో ముగిసేది కాదు. వారి గ్రామాలు ఏ రాజ్యంలో ఉండాలి, ఏ కచేరీకి వెళ్లాలి, ఏ భాషలో అర్జీ పెట్టుకోవాలి అన్న విషయాలపై ఆయన సంతకాల ప్రభావం ఎంతో ఉన్నది.

భూస్వాములైన రాజనీతిజ్ఞులు

పందొమ్మిదవ శతాబ్దంలో అనేక దేశాలలో రాజ్యభారాన్ని వహించినవారు పెద్ద భూస్వామ్య కుటుంబాల నుండి వచ్చినవారే. జర్మనీలో బిస్మార్క్ ప్రష్యా భూస్వాముల వర్గంలో 1815లో జన్మించి, 1862లో ప్రష్యాకు ప్రధానమంత్రియై, 1871లో జర్మన్ సామ్రాజ్యాన్ని నెలకొల్పి, 1890 వరకు దానిని నడిపారు. ఆయనకు సమకాలికుడైన సాలార్‌జంగ్ కూడా జాగీర్ల మధ్య పుట్టి, 1853 నుండి 1883 వరకు దివానుగా పనిచేశారు. వయసులో ఆయన బిస్మార్కు కన్నా పద్నాలుగేళ్లు చిన్న.

ఈ పోలిక ఇంతవరకే. బిస్మార్క్ వెనుక ఒక బలమైన సైన్యం, తనను నమ్మిన రాజు ఉన్నారు. సాలార్‌జంగ్‌కు పైన అనుమానించే నిజాము, పక్కన ఆజ్ఞాపించే బ్రిటిషు రెసిడెంటు, కింద జీతాలందని సైనికులు, ఎదుట ఖాళీ ఖజానా. ఒకరు రాజ్యాన్ని విస్తరింపజేయగా, మరొకరు ఉన్న రాజ్యం చేజారకుండా కాపాడటమే పనిగా పెట్టుకున్నారు. రెండవ పని మొదటి దానికన్నా తేలిక అనుకోవడం పొరపాటు.

బాల్యము, పదవీ స్వీకారము

మీర్ తురాబ్ అలీఖాన్ 1829లో జన్మించారు. ఆయన వంశంలో దివాను పదవి కొత్త కాదు. ముత్తాత వరుసవాడైన మీర్ ఆలం, తాత మునీరుల్ముల్కు ఇద్దరూ హైదరాబాదు దివానులుగా పనిచేసినవారే. తండ్రి చిన్నతనంలోనే గతించడంతో తండ్రి సోదరుడైన సిరాజుల్ముల్కు ఆయనను పెంచారు. కుటుంబ ఆస్తి పెద్దదే అయినా అప్పుల పాలై ఉండేది. పసితనం నుండే అప్పు అంటే ఏమిటో, తాకట్టు అంటే ఏమిటో ఆ బాలునికి అనుభవంలోకి వచ్చింది. యౌవనంలో కొంతకాలం ఖమ్మం ప్రాంతానికి తాలూకాదారుగా పనిచేయడం వలన తెలుగు పల్లెల శిస్తు వ్యవహారాలను దగ్గరగా చూసే అవకాశం కలిగింది.

1853 మే నెలలో రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగాయి. హైదరాబాదు కంటింజెంటు అనే సైన్యం జీతాల బాకీ కింద నిజాము ప్రభుత్వం బేరారును, ధారాశివ్ ప్రాంతాన్ని, రాయచూరు అంతర్వేదిని ఇంగ్లీషువారికి అప్పగించవలసి వచ్చింది. మే 21న ఆ ఒప్పందం కుదిరింది. దానిని నడిపిన దివాను సిరాజుల్ముల్కు కొద్ది రోజులకే మరణించారు. మే 31న ఆయన స్థానంలో ఇరవై నాలుగేళ్ల తురాబ్ అలీఖాన్ నియమితులయ్యారు. జాగీర్లు చూసుకుంటూ నిశ్చింతగా ఉండటమే తనకు ఇష్టమని, ఈ పదవి తాను కోరినది కాదని ఆయన ఒక మిత్రునికి రాసుకున్నారు.

ఖాళీ ఖజానా

ఆనాటి హైదరాబాదు రాజ్యంలో శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు ఎంత పిండుకుంటే అంత. అరబ్బు జమాదారులు, రోహిల్లాలు, షావుకార్లు ప్రభుత్వానికి అప్పులిచ్చి, బదులుగా తాలూకాలను తాకట్టు పెట్టుకున్నారు. రాజధానిలో అరబ్బు జమాదారు తన బాకీదారుని తానే బంధించగల పరిస్థితి. ప్రైవేటు టంకశాలలు ఇష్టం వచ్చిన నాణేలు ముద్రించేవి.

ఆ కాలంలో సుపరిపాలన అనేది ప్రజల క్షేమానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. గవర్నరు జనరల్ డల్హౌసీ సంస్థానాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటున్న రోజులవి. వారసుడు లేడన్న కారణంతో 1854లో నాగపూరు భోంస్లే రాజ్యం కలిసిపోయింది. దానితోపాటే చాందా ప్రాంతం ఇంగ్లీషువారి పరమైంది. పాలన బాగా లేదన్న కారణంతో 1856లో అవధు పోయింది. వార్ధా నదికి ఈవలి ఒడ్డున జరిగినది ఆవలి ఒడ్డున జరగడానికి ఎంతో కాలం పట్టదని యువ దివాను గ్రహించారు. లెక్కలు సరిగా ఉన్న రాజ్యాన్ని కాజేయడానికి సాకు దొరకదు. ఆయన ముప్పై ఏళ్ల పాలనకు మూలసూత్రం ఇదే.

తాకట్టులోని తాలూకాలను ఆయన ఒక్కొక్కటిగా విడిపించారు. గుత్తల పద్ధతిని క్రమంగా తొలగించి జీతం తీసుకునే ఉద్యోగులను నియమించారు. ప్రైవేటు టంకశాలలను మూయించి నాణేల ముద్రణను ప్రభుత్వ అధీనంలోకి తెచ్చారు. నాటి హాలీ సిక్కా 1950ల వరకు చలామణిలో ఉన్నదంటే ఆ ఏర్పాటు ఎంత గట్టిదో ఊహించవచ్చు.

1857: రెండు ముఖాలు

1857 మే నెలలో నిజాము నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. అదే సమయంలో ఉత్తరదేశంలో తిరుగుబాటు చెలరేగింది. జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు హైదరాబాదు రెసిడెన్సీపై దాడిచేశారు. సాలార్‌జంగ్ ముందుగానే రెసిడెంటు డేవిడ్‌సన్‌కు కబురు పంపారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్‌ఖాన్ 1859లో తూప్రాన్ సమీపంలో చంపబడ్డారు; అల్లావుద్దీన్ అండమానుకు పంపబడి అక్కడే మరణించారు.

ఈ ప్రాంతంలోనూ ఆ నిప్పు రాజుకున్నది. చాందా జిల్లాలో మోలంపల్లి జమీందారు బాబూరావు షెడ్మాకే గోండు యువకులను కూడగట్టి ఇంగ్లీషువారిని ఎదిరించి, 1858 అక్టోబరు 21న చాందా జైలులో ఉరితీయబడ్డారు. నిజాము రాజ్యపు అడవులలో రాంజీ గోండు గోండులను, రోహిల్లాలను కూడగట్టి పోరాడగా, 1860లో నిర్మల్‌లో ఆయనను, ఆయన అనుచరులను మర్రిచెట్టుకు ఉరితీశారు. ప్రజలు దానిని వేయి ఉరుల మర్రి అని చెప్పుకుంటారు.

సాలార్‌జంగ్ జీవితంలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టం ఇదే. ఇంగ్లీషువారు ఆయనను మిత్రరత్నమని కొనియాడారు. రాజధానిలోనే ఎందరో ఆయనను ద్రోహిగా చూశారు. 1859 మార్చి 15న దర్బారు ముగించుకొని రెసిడెంటుతో కలిసి బయటికి వస్తుండగా ఒక రోహిల్లా వారిపై తుపాకి పేల్చాడు, గుండు తప్పిపోయింది. 1868లో మరొకసారి ఆయనపై కాల్పులు జరిగాయి. అప్పుడూ ప్రాణాపాయం తప్పింది.

తిరుగుబాటు గెలవదని, ఓడితే హైదరాబాదు కూడా అవధు దారి పడుతుందని దివాను లెక్క. ఆ లెక్క తప్పలేదు, రాజ్యం నిలిచింది. కాని నిర్మల్ మర్రిచెట్టు, చాందా జైలు కూడా ఆ లెక్కలో చేరే మూల్యమే. ఈ రెంటిలో ఒకదానిని మాత్రమే చెప్పి రెండవదానిని దాచిన చరిత్ర సమగ్రం కాదు.

1860 ఒప్పందము, విడిపోయిన ఒడ్డు

తిరుగుబాటు కాలంలో నిజాము చేసిన సహాయానికి ప్రతిఫలంగా 1860 డిసెంబరులో కొత్త ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి వచ్చాయి. సురపురం నిజాముకు లభించింది. సుమారు 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. బేరారు మాత్రం ఇంగ్లీషువారి చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఒప్పందంలోనే, హైదరాబాదులో ఎవరూ అంతగా పట్టించుకోని మరొక షరతు ఉన్నది. గోదావరి, వైన్‌గంగ నదుల ఎడమ ఒడ్డున ఉన్న రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆలుబాక, నూగూరు, సిరొంచ తాలూకాలను నిజాము పూర్తిగా ఇంగ్లీషువారికి వదులుకున్నారు. నదిలో పడవల రాకపోకలకు అడ్డులేకుండా ఒడ్డు తమ అధీనంలో ఉండాలన్నది ఇంగ్లీషువారి కోరిక. ఈ తాలూకాలు సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లాగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరాయి. 1874లో ఆ జిల్లా రద్దయి, భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు, సిరొంచ చాందా జిల్లాకు వెళ్లాయి. 1909లో చర్ల, ఆలుబాక, నూగూరు కూడా మద్రాసుకు మారాయి. సిరొంచ ఇక్కడే మిగిలింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

మహారాష్ట్రలో ఒక తాలూకా నిండా తెలుగు ఎందుకు వినిపిస్తుందని నేటి విద్యార్థి అడిగితే, దానికి సమాధానం ఈ 1860 నాటి కాగితంలో కొంత దొరుకుతుంది. అక్కడివారు ఎక్కడినుండో వలస వచ్చినవారు కారు. ప్రజలు ఉన్నచోటనే ఉన్నారు; సరిహద్దు వారిని దాటి వెళ్లింది.

జిల్లాబందీ, రాజురా

1865లో సాలార్‌జంగ్ జిల్లాబందీ అనే విధానాన్ని ప్రవేశపెట్టారు. దివానీ భూములన్నింటినీ జిల్లాలుగా విభజించి ఒక్కొక్క జిల్లాకు అవ్వల్ తాలూకాదారును, ఆయన కింద దోయం, సోయం తాలూకాదారులను, తాలూకాలకు తహసీలుదారులను నియమించారు. శిస్తు వసూలుకు, న్యాయవిచారణకు, పోలీసుకు వేర్వేరు శాఖలు ఏర్పడ్డాయి. 1868లో న్యాయము, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు సద్రుల్ మహాములనే నలుగురు మంత్రులు నియమితులయ్యారు. గుత్తదారుకు బదులు ప్రభుత్వం రైతుతో నేరుగా వ్యవహరించే పద్ధతికి పునాది పడింది.

ఈ ఏర్పాటు వార్ధా ఒడ్డుకు కూడా వచ్చింది. 1872లో ఏదులాబాదు, రాజురా, సిర్పూరు తాలూకాలతో సిర్పూర్-తాండూరు ఉపజిల్లా ఏర్పడింది. నేటి ఆదిలాబాదు జిల్లాకు అదే మూలం. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రాజురా నాటి బొంబాయి రాష్ట్రంలోని నాందేడు జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. ఈ విధంగా వార్ధా రెండు ఒడ్డులు ఒకే జిల్లాలోకి చేరడానికి సాలార్‌జంగ్ మరణం తరువాత 76 సంవత్సరాలు పట్టింది.

అయితే ఈ సంస్కరణలకు ఒక హద్దు ఉండేది. అవి దివానీ గ్రామాలకే వర్తించేవి. నిజాము సొంత భూములైన సర్ఫేఖాసు, అమీరుల జాగీర్లు, సంస్థానాలు వాటికి వెలుపల ఉండిపోయాయి. కొప్పళ, యల్బుర్గా, కోస్గి మొదలైనచోట్ల దివానుగారికే జాగీర్లు ఉండేవి. ఆయన జాగీర్ల పాలనను చక్కదిద్దారేగాని, జాగీర్దారీ పద్ధతి ఉండాలా వద్దా అన్న ప్రశ్న ఆయన కాలంలో పుట్టలేదు. ఆ ప్రశ్నకు సమాధానం 1949లో జాగీర్ల రద్దుతో వచ్చింది.

బేరారు కోసం

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా రెండున్నరేళ్ల మహబూబ్ అలీఖాన్ నిజాము అయ్యారు. సాలార్‌జంగ్, అమీరె కబీర్ కలిసి బాలరాజు పక్షాన పాలనా బాధ్యతలు వహించారు. అంతవరకు అనుమానంతో వెన్నంటి ఉన్న యజమాని నీడ తొలగడంతో దివానుకు కొంత స్వేచ్ఛ లభించింది.

ఆ స్వేచ్ఛను ఆయన బేరారు కోసం వినియోగించారు. కంటింజెంటు సైన్యపు ఖర్చుకు సరిపోయే వడ్డీ వచ్చేంత మూలధనాన్ని జమచేస్తామని, బేరారును తిరిగి ఇవ్వవలసిందని ఆయన భారత ప్రభుత్వానికి విజ్ఞప్తులు పంపారు. అవి తిరస్కరింపబడ్డాయి. 1876లో ఆయన యూరపు పర్యటనకు బయలుదేరారు. రోమునగరంలో శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని కొన్నది ఈ ప్రయాణంలోనే. పారిస్‌లో హోటలు మెట్లపై జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. అయినా ప్రయాణం ఆపలేదు. లండనులో విక్టోరియా రాణి దర్శనమిచ్చారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది. లండను నగరం పౌరసన్మానం చేసింది. విందులు, బిరుదులు అన్నీ దక్కాయి. బేరారు మాత్రం దక్కలేదు.

పైగా ఆ పట్టుదల వైస్రాయి లిట్టనుకు కంటగింపయింది. 1877లో అమీరె కబీర్ మరణించగా, సాలార్‌జంగ్‌కు ఇష్టంలేని వికారుల్ ఉమరాను ఆయనకు జతగా నియమించారు. 1857లో కొనియాడిన మిత్రుని మాట ఇరవై ఏళ్ల తరువాత ఆ విధంగా తోసిపుచ్చబడింది. చివరకు 1902లో వైస్రాయి కర్జను సాలుకు 25 లక్షల రూపాయల కౌలుపై బేరారును శాశ్వతంగా తీసుకున్నారు. రాజభక్తికి సన్మానం దొరుకుతుందిగాని హక్కు దొరకదన్న సత్యాన్ని తరువాతి తరం నాయకులు ఈ ఉదంతం నుండి నేర్చుకోదగినది.

విద్య, రైలు, భాష

విద్యారంగంలో సాలార్‌జంగ్ దారుల్ ఉలూమ్‌ను, మదర్సా ఎ ఆలియాను నెలకొల్పారు. చిరాగ్ అలీ, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వంటి విద్వాంసులను ఉత్తరదేశం నుండి రప్పించి ఉద్యోగాలిచ్చారు. 1874లో వాడి, సికింద్రాబాదుల మధ్య రైలు నడిచింది. ఆ దారిని చాందా వరకు పొడిగించే ఆలోచన ఆయన చివరి సంవత్సరాలలో సాగింది. ఆయన మరణించిన కొద్ది నెలలకే, 1883లో, ఈ చాందా రైల్వే పథకంలోని షరతులు బయటపెట్టాలని హైదరాబాదు విద్యావంతులు ఆందోళన చేశారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను ఆ సందర్భంలోనే నగరం నుండి బహిష్కరించారు. హైదరాబాదు రాజ్యంలో ప్రజాభిప్రాయం తొలిసారిగా గొంతెత్తినది చాందాకు వేయదలచిన రైలుదారి విషయంలో అన్నది ఈ జిల్లావాసులు గుర్తుంచుకోదగిన సంగతి. కాజీపేట, బల్లార్షా మార్గం పూర్తికావడానికి 1929 దాకా ఆగవలసి వచ్చింది. ఆ దారి వెంటనే తెలుగు కుటుంబాలు ఎన్నో బల్లార్పూరు ప్రాంతపు గనులకు, మిల్లులకు చేరుకున్నాయి.

ఇన్ని చేసిన దివాను చేయనిది ఒకటున్నది. ఆయన కచేరీల భాష ఫారసీ. 1884లో దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే అధికసంఖ్యాక ప్రజలు పన్ను కట్టడానికి పనికివచ్చారుగాని, వారి భాష పాలనకు పనికిరాలేదు. పెద్ద ఉద్యోగాలకు విద్వాంసులను ఉత్తరదేశం నుండి తెచ్చిన ప్రభుత్వం, తెలుగు పల్లెలో ఒక బడి పెట్టి అక్కడి పిల్లవానిని ఆ ఉద్యోగానికి తీర్చిదిద్దాలని తలచలేదు. ఈ లోటును ప్రజలే పూడ్చుకోవలసి వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1921లో ఒక సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను ఎగతాళి చేయగా, ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది.

అస్తమయము

1883 ఫిబ్రవరి 7న జర్మనీలోని మెక్లెన్‌బర్గ్-ష్వెరిన్ ప్రభువంశానికి చెందిన అతిథికి సాలార్‌జంగ్ మీర్ ఆలం చెరువులో పడవ విహారం ఏర్పాటు చేశారు. ఆ రాత్రి కలరా సోకింది. మరునాడు, ఫిబ్రవరి 8న ఆయన మరణించారు. అప్పటికి వయసు 54 సంవత్సరాలు. కుమారుడు లాయక్ అలీఖాన్ 1884లో దివాను అయ్యారు. మనుమడు యూసుఫ్ అలీఖాన్ సేకరించిన కళాఖండాలతోపాటు తాతగారు తెచ్చిన రెబెక్కా శిల్పం కూడా 1951 డిసెంబరు 16న ప్రారంభమైన మ్యూజియంలో చేరింది.

సాలార్‌జంగ్ అప్పుల రాజ్యాన్ని అందుకొని, జిల్లాలు, కచేరీలు, లెక్కలు గల రాజ్యాన్ని అప్పగించి వెళ్లారు. లంచగొండితనం ఆచారంగా ఉన్న రోజులలో నిజాయితీకి పేరుపడ్డారు. రెండుమార్లు తుపాకి గుండ్లు దూసుకువచ్చినా పని మానలేదు. ఈ గుణాలు ఏ కాలంలోనైనా పూజనీయమే. అదే సమయంలో ఆయన నిర్మించిన భవనానికి ప్రజల భాష అనే ద్వారం లేదన్నదీ నిజమే.

ఆ ద్వారాన్ని తెరచినవి రాజులో, దివానులో ఇచ్చిన శాసనాలు కావు. జీతం తక్కువైనా నల్లబల్ల ముందు నిలబడిన ఉపాధ్యాయులు, ఇతర భాషల మధ్య బతుకుతూ కూడా పిల్లలను తెలుగు బడికి పంపిన తల్లిదండ్రులు దానిని తెరిచారు. ఒప్పందాలు మార్చిన సరిహద్దుకు ఈవల డెబ్బై అయిదేళ్లుగా తెలుగులో పాఠం చెబుతున్న పాఠశాల ఆ చరిత్రలో ఒక భాగం. దాని హాజరు పట్టీలలో పేర్లు ఉన్నంతకాలం, 1860 నాటి ఒప్పందంలో మాట లేని ప్రజలకు మాట ఉన్నట్లే లెక్క.